వాగు నీళ్లు తాగేలా చేసుకోవడం ఎలా? (మారేడుమిల్లి వైపు, 8 మంది, రెండు రాత్రులు)

గోదారిగట్టు:
నవంబరు రెండో వారంలో మారేడుమిల్లి వైపు ఎనిమిది మందిమి రెండు రాత్రులు టెంట్లు వేసుకుంటున్నాం. పర్మిషన్ తీసుకున్నాం. ఇద్దరు పిల్లలు (9, 12 ఏళ్లు), ఒకరు థైరాయిడ్ మందు వాడుతున్నారు. బండి ఆపిన చోటు నుంచి రెండు కిలోమీటర్లు నడవాలి, కాబట్టి నీళ్లన్నీ మోసుకెళ్లడం కుదరదు. పక్కనే వాగుంది.

అడగాల్సినవి: అసలు ఎన్ని నీళ్లు కావాలి? మరగబెట్టడం ఎంతసేపు? ఒకరు 20 నిమిషాలంటారు, ఇంకొకరు పొంగు వస్తే చాలంటారు. క్లోరిన్ మాత్రలు పిల్లలకు ఇవ్వొచ్చా? ఆన్‌లైన్‌లో 0.1 మైక్రాన్ గొట్టం ఫిల్టరు చూశాం, అదొక్కటీ కొంటే సరిపోతుందా? ముందు రోజు వాన పడి వాగు ఎర్రగా వస్తే ఏం చేయాలి? మా దగ్గరున్నది ఒక చిన్న స్టవ్, 230 గ్రాముల గ్యాస్ డబ్బాలు.

చెలమనీళ్లు:
లెక్కతో మొదలుపెడదాం. తాగడానికి మనిషికి రోజుకు 3 లీటర్లు, వంటకీ టీకీ కలిపి ఇంకో 2. ఎనిమిది మందికి రోజుకు 40 లీటర్లు. గిన్నెలు తోమడానికి, స్నానానికి వాగు నీళ్లే వాడుకోండి, అవి ఈ లెక్కలో లేవు. మొదటి సాయంత్రానికి మాత్రం తలా 2 లీటర్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. చీకట్లో టెంట్లు వేస్తూ నీళ్లు శుద్ధి చేయబోతే తప్పులు జరిగేది అక్కడే.

ఎక్కడ ముంచుకుంటున్నారన్నది సగం పని. పశువులు దాటే రేవుకి, పిక్నిక్ జనం దిగే మడుగుకి, ఊరికి పైవైపు వెళ్లండి. అంచున నిలిచిన నీళ్లు కాకుండా మధ్యలో పారే నీళ్లు పట్టండి. మడుగు మీద ఆకుపచ్చ రంగు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే ఆ నీళ్ల జోలికే పోవద్దు. ఆ నాచు వదిలే విషం మరగబెట్టినా పోదు. అలాగే పత్తి, మిరప చేల మీదుగా వచ్చే కాలువ నీళ్లు. పురుగుమందుకి స్టవ్వూ మాత్రా రెండూ పనిచేయవు.

ఇసుక ఉన్న చోటు దొరికితే చెలమ తీయండి. దీన్ని మించిన ఫిల్టరు అడవిలో లేదు, ఖర్చూ లేదు. నీటి అంచుకి రెండు మూడు మీటర్ల దూరంలో మూరెడు వెడల్పు గుంత తవ్వండి. రెండడుగుల లోపే ఊట తగులుతుంది. మొదట ఊరేది బురద, దాన్ని తోడి పారబోయండి. మళ్లీ ఊరనిచ్చి మళ్లీ తోడండి. మూడో నాలుగో ఊటకి అడుగున ఇసుక రేణువులు విడివిడిగా కనిపిస్తాయి. అప్పటి నుంచి గిన్నెతో మెల్లగా, అడుగు కదలకుండా ముంచుకోవాలి. పక్కలు కూలుతుంటే చుట్టూ రాళ్లు పేర్చండి. వాగు ఎర్రగా పారుతున్నా చెలమలో నీళ్లు చాలావరకు తేటగా వస్తాయి. తేట అంటే శుభ్రం అని కాదు సుమండీ. క్రిములు తగ్గుతాయి, పోవు. తర్వాతి పని తేలికవుతుందంతే.

చెలమకి వీలు లేక ఎర్రనీళ్లే పట్టాల్సి వస్తే పటిక. 20 లీటర్ల బకెట్‌కి పటిక పొడి పావు టీస్పూను, అంటే ఒక గ్రాము. ముందు గ్లాసుడు నీళ్లలో కరిగించి పోయండి. ఒక నిమిషం గిరగిరా తిప్పండి, తర్వాత ఐదు నిమిషాలు చాలా నెమ్మదిగా. ఈ నెమ్మదిగా తిప్పడం చాలామంది వదిలేస్తారు, కానీ మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకునేది ఆ ఐదు నిమిషాల్లోనే. పాలు విరిగినట్టు చిన్న చిన్న గడ్డలు కనబడితే పటిక పట్టినట్టు. గంటసేపు కదపకుండా ఉంచి, పైతేట మాత్రం నాలుగు మడతల నూలు గుడ్డలోంచి వంచుకోండి. అడుగు రెండంగుళాలు పారబోయాల్సిందే.

ఎంత తిప్పినా గడ్డ కట్టకపోతే పటిక ఇంకో చెంచా వేయకండి. కొండవాగు నీళ్లు కొన్నిచోట్ల మరీ మెత్తన. పటిక పనిచేయడానికి నీటిలో కాస్త క్షారం ఉండాలి. తాంబూలం సున్నం శనగగింజంత కలిపి మళ్లీ తిప్పి చూడండి. అంతకంటే ఎక్కువ వద్దు, సున్నం ఎక్కువైతే తర్వాత వేసే క్లోరిన్ మందగిస్తుంది.

ల్యాబ్‌కోటు:
పైన చెప్పింది సరిగ్గా ఉంది. క్లోరిన్ సంగతి నేను చెప్తాను.

మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే మాత్రల్లో ఎక్కువగా ఉండేది సోడియం డైక్లోరోఐసోసయనురేట్. పట్టీ మీద ఎన్.ఎ.డి.సి.సి. అని ఉంటుంది. మాత్రలన్నీ ఒకటి కాదు, గందరగోళం అంతా ఇక్కడే. 67 మిల్లీగ్రాముల మాత్ర 20 లీటర్ల తేట నీటికి, 8.5 మిల్లీగ్రాములది ఒక లీటరుకి. 67ది వాటర్ బాటిల్‌లో వేస్తే స్విమ్మింగ్ పూల్ తాగినట్టే. 8.5ది బకెట్‌లో వేస్తే వేయనట్టే. పట్టీ మీద ఎన్ని లీటర్లకో చదివి దానికి తగ్గ పాత్ర ఎంచుకోండి. మాత్ర విరిచి సగం సగం వేయడం వద్దు, విరిగిన ముక్క గాలి తగిలి పాడవుతుంది. మీకు నా సలహా 20 లీటర్ల మడత క్యాన్లు రెండు, 67 మి.గ్రా. మాత్రలు ఒక పట్టీ. ఉదయం రెండు క్యాన్లు వేస్తే ఆ రోజుకి అయిపోయింది. పట్టీ మీద రాసిన మోతాదు దాటనంతవరకు పిల్లలకూ ఇవే నీళ్లు, థైరాయిడ్ ఉన్నవారికీ ఇవే.

మాత్ర వేశాక మూత బిగించి కదిపి 30 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత మూత తీసి వాసన చూడండి. కుళాయి నీళ్లలా లీలగా క్లోరిన్ వాసన రావాలి. ఏ వాసనా లేదంటే క్లోరిన్ మొత్తాన్ని మట్టీ ఆకుల కుళ్లూ తినేశాయన్నమాట, క్రిములకి మిగల్లేదు. ఇంకో మాత్ర వేసి ఇంకో అరగంట ఆగండి. అప్పటికీ వాసన లేకపోతే ఆ నీళ్లు మాత్రతో బాగుపడేవి కావు, మళ్లీ తేర్చుకోవాలి. మురికి నీళ్లలో నేరుగా మాత్ర పడేసి పనైపోయిందనుకోవడం అందరూ చేసే పొరపాటు. ముక్కు మీద నమ్మకం లేకపోతే పంచాయతీ వాళ్లు వాడే క్లోరోస్కోప్ లాంటి చిన్న కిట్ దొరుకుతుంది. చుక్కలు వేస్తే నీళ్లు పసుపు తిరుగుతాయి, రంగు పోల్చి చూసుకోవడమే. అరగంట తర్వాత లీటరుకి 0.5 మి.గ్రా. దగ్గర ఉంటే నిశ్చింత.

నిమ్మకాయ, ఓఆర్ఎస్, పిల్లల ఆరెంజ్ పౌడరు లాంటివి అరగంట పూర్తయ్యాకే కలపాలి. సి విటమిన్ క్లోరిన్‌ని అక్కడికక్కడే చంపేస్తుంది. ముందే పిండితే నీళ్లు రుచిగా ఉంటాయి, క్రిములూ సుఖంగా ఉంటాయి. తర్వాత పిండితే అదే గుణం వాసన పోగొట్టడానికి పనికొస్తుంది.

మాత్రలు దొరక్కపోతే సువాసన, రంగు, సబ్బు కలపని సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. 5 శాతంది అయితే 20 లీటర్ల తేట నీటికి 1 మి.లీ., సూది లేని సిరంజితో కొలిచి. ఎండలో మగ్గిన పాత సీసాలో బలం ఉండదు, కొత్తది కొనండి. బ్లీచింగ్ పౌడరు మాత్రం క్యాంపుకి తీసుకెళ్లొద్దు. మంచి సరుకులో 33 శాతం క్లోరిన్ ఉంటుంది. అంటే 20 లీటర్లకి కావలసింది గ్రాములో ఎనిమిదో వంతు. దాన్ని చెంచాతో ఎవరు కొలుస్తారు? పైగా సంచీ విప్పిన దగ్గర్నుంచి రోజురోజుకీ చచ్చుబడుతుంది.

అయోడిన్ సీసా ఎవరైనా తెస్తామంటే వద్దనండి, థైరాయిడ్ ఉన్నవారికి అది పనికిరాదు. గర్భిణులకూ అంతే.

ఒక లోపం ఉంది. క్లోరిన్ బ్యాక్టీరియాని, వైరస్‌లని బాగా చంపుతుంది, జియార్డియా అనే విరేచనాలు తెచ్చే పరాన్నజీవిని కొంచెం ఆలస్యంగా చంపుతుంది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని మాత్రం ఈ మోతాదులో ఏమీ చేయలేదు. అది పశువుల పేడలోంచి వస్తుంది. పైన ‘పశువుల రేవుకి పైవైపు’ అన్నది అందుకే.

కొండెక్కేవాడు:
ఫిల్టరు గురించి. 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గొట్టం అంటే లోపల సన్నటి బోలు దారాల కట్ట ఉంటుంది. నీళ్లు దారం గోడలోంచి దూరి రావాలి. క్రిప్టో సైజు 4 నుంచి 6 మైక్రాన్లు, జియార్డియా ఇంకా పెద్దది, మామూలు బ్యాక్టీరియా కూడా దూరలేదు. కానీ కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు 0.03 మైక్రాన్ దగ్గర ఉంటాయి, హాయిగా దాటిపోతాయి. డబ్బా మీద రాసే 99.9999 శాతం అన్నది బ్యాక్టీరియా లెక్క, కింద చిన్నక్షరాలు చదవండి. విదేశీ వీడియోల్లో ఫిల్టరు పెట్టుకుని వాగులో నేరుగా తాగేస్తారు, ఎందుకంటే అక్కడి అడవుల్లో వాగుపైన మనుషులుండరు. మన కొండల్లో ప్రతి వాగుకీ పైన ఒక ఊరుంటుంది. కాబట్టి ఫిల్టరు, ఆ తర్వాత క్లోరిన్. ఒకటి వదిలేసిందాన్ని ఇంకొకటి పట్టుకుంటుంది.

ఎర్రనీళ్లు నేరుగా ఎక్కిస్తే రెండు మూడు లీటర్లకే ధార సన్నబడుతుంది. అప్పుడు గట్టిగా పిండకండి, దారాలు తెగితే బయటికి తెలియదు. సిరంజితో శుభ్రమైన నీళ్లు వెనక నుంచి తోయండి, గోధుమరంగు నీళ్లు వచ్చి మళ్లీ దారి తెరుచుకుంటుంది. ఆ సిరంజి ఇంట్లో మర్చిపోతే ఫిల్టరు మర్చిపోయినట్టే. ‘కార్బన్ ఫిల్టరు’ అని మాత్రమే రాసిన బాటిళ్లు కొనకండి, అవి వాసన తీస్తాయిగానీ క్రిముల్ని ఆపవు.

మరగబెట్టడం: 20 నిమిషాలు అనవసరం. నీళ్లు తెర్లడం మొదలై, పెద్ద బుడగలు అడుగు నుంచి లేచి పైన పగులుతూ ఉంటే అక్కడి నుంచి ఒక్క నిమిషం. 2,000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు. క్రిములు 70 డిగ్రీల దగ్గరే చావడం మొదలవుతాయి, నీళ్లు మరిగేసరికి పని దాదాపు అయిపోయి ఉంటుంది. గిన్నె పక్కల చిన్న బుడగలు అంటుకున్నప్పుడే దింపేయడం మాత్రం తప్పు, అది గాలి బయటికి పోవడమే.

మీకు అడ్డం వచ్చేది గ్యాస్. లీటరు నీళ్లు 25 డిగ్రీల నుంచి మరిగించడానికి చిన్న స్టవ్ మీద 12 నుంచి 14 గ్రాములు పోతుంది, గాలి కొడితే ఇంకా ఎక్కువ. 230 గ్రాముల డబ్బాకి 16-19 లీటర్లు. రోజుకి 40 లీటర్లంటే రెండున్నర డబ్బాలు, వంట కాక! కాబట్టి మరగబెట్టడం పిల్లల తాగునీటికి, టీకి మాత్రమే పెట్టుకోండి, మిగతాది మాత్రలతో. మూత పెట్టండి, స్టవ్ చుట్టూ గాలి అడ్డం పెట్టండి (డబ్బాని మాత్రం కప్పొద్దు, వేడెక్కితే పేలుతుంది). పుల్లలు ఏరి మంట పెడదామనుకోకండి, రిజర్వ్ ఫారెస్టులో నిప్పు రాజేయడం నేరం.

బండి టెంటు దాకా వెళ్లే చోటైతే ఈ గొడవేదీ అక్కర్లేదు, 20 లీటర్ల టిన్నులు ఐదారు ఎక్కించుకుని పోవడమే. అదీ ఐఎస్ఐ మార్కుతో ఐఎస్ 14543 (ప్యాక్ చేసిన తాగునీటి ప్రమాణం) అని రాసి ఉన్నవి.

పాలమూరు పోరడు:
పటిక గాదు అన్నా, మా దిక్కు పెద్దోళ్లు చిల్లగింజ వాడేటోళ్లు. కుండ లోపల గరుకు మీద గింజను నీళ్లతో అరగదీస్తే ఆ గంధం మట్టిని కిందికి గుంజుతది. తెల్లారేసరికి నీళ్లు తేటగైతయి. అడవిలనే దొరుకుతది గదా, కొనే పని గూడ లేదు. మంచిగ పనిజేస్తది.

ఇంకోటి, పాత చీర గుడ్డ తక్కువ అంచనా ఎయ్యకుండ్రి. నారికురుపు (అదే, గినియా పురుగు రోగం) పోయింది వడగట్టుడుతోనే.

ల్యాబ్‌కోటు:
చిల్లగింజ పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అడవిలో ఏరుకోమని కొత్తవాళ్లకి చెప్పకండి దయచేసి. చిల్ల, ముష్టి ఒకే జాతి చెట్లు, ఒకే అడవిలో పెరుగుతాయి. ముష్టి గింజలో ఉండేది స్ట్రిక్నిన్, ప్రాణాలు తీసే విషం. చిల్లగింజ చిన్నది, ఉబ్బెత్తుగా గుండ్రంగా ఉంటుంది. ముష్టి గింజ చొక్కా గుండీలా చదునుగా, వెడల్పుగా, పట్టులాంటి నూగుతో ఉంటుంది. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది, ఒక్కటే చేతిలో ఉంటే పొరబడొచ్చు. కావాలంటే పచారీ కొట్టులో చిల్లగింజలు అడిగి కొనుక్కోండి. లేదా ఐదు రూపాయల పటికతో పోనివ్వండి.

గుడ్డ మాట నిజమే. నారికురుపు మోసేది నీటిలో ఉండే సైక్లాప్స్ అనే చిన్న పురుగు, అది కంటికి కనిపించేంత పెద్దది, గుడ్డకి దొరుకుతుంది. దిగుడు బావులు మూయించడం, నీళ్లు వడగట్టించడం వంటి వాటితో మన దేశంలో 1996లో చివరి కేసు వచ్చింది, 2000లో దేశం ఆ రోగం నుంచి బయటపడినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత నూలు చీరని ఎనిమిది పొరలయ్యేలా మడిచి వడగడితే కలరా కేసులు దాదాపు సగం తగ్గాయని 2003లో అచ్చయిన అధ్యయనం ఉంది. అక్కడా గుడ్డ ఆపింది కలరా క్రిమిని కాదు, ఆ క్రిమి అంటిపెట్టుకుని ఉండే సైక్లాప్స్ లాంటి జీవుల్ని. విడిగా తిరిగే బ్యాక్టీరియాకి చీర పోగుల సందు పెద్ద దర్వాజా. పాత చీరే వాడాలి, ఉతికి ఉతికి పోగులు ఉబ్బి సందులు పూడుకుంటాయి. కొత్త గుడ్డ అంతలా ఆపదు.

గోదారిగట్టు:
అందరికీ చాలా థ్యాంక్స్. చెలమ + పటిక సామాను + 67 మాత్రలు + రెండు క్యాన్లు అనుకుంటున్నాం. రెండు అనుమానాలు. ఎండలో బాటిల్ పెడితే చాలంటారు, నిజమేనా? ఫిల్టరు కొంటే డిసెంబరులో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ కొండ ఎక్కడానికి కూడా పట్టుకెళ్లొచ్చా?

కొండెక్కేవాడు:
ఎండ పద్ధతి నిజమే, కానీ మీకు కుదరదు. రంగు లేని పెట్ ప్లాస్టిక్ బాటిల్, రెండు లీటర్లకు మించనిది, పడుకోబెట్టి ఆరు గంటలు నిండు ఎండ. మబ్బు పడితే రెండు రోజులు. నీళ్లు తేటగా ఉండాలి: నిలబెట్టిన బాటిల్ కింద పేపరు పెట్టి పైనుంచి చూస్తే పెద్దక్షరాల హెడ్డింగ్ చదవగలగాలి. వాగు పక్కన చెట్ల నీడలో ఆరు గంటల ఎండ ఎక్కడ తెస్తారు?

కేదార్‌కంఠకి ఫిల్టరు తీసుకెళ్తే ఒకటే షరతు: ఒకసారి తడిసిన ఫిల్టరు గడ్డకట్టకూడదు. లోపలి నీరు గడ్డకట్టి ఉబ్బి దారాల్ని చీలుస్తుంది. తర్వాత ధార ఇంకా బాగా వస్తుంది, బాగైందనుకుంటారు, కానీ చిరిగింది కాబట్టే ఆ ధార. పగలు జాకెట్ లోపల, రాత్రి జిప్ కవర్లో చుట్టి స్లీపింగ్ బ్యాగులో. అనుమానం వస్తే పారేయడమే, బాగుచేయడానికి కుదరదు. అక్కడ మంచు నీళ్లకి క్లోరిన్ కూడా మందగిస్తుంది, అరగంట కాదు, గంట ఆగాలి. శిఖరం 3,800 మీటర్ల దగ్గర కాబట్టి నీళ్లు 87 డిగ్రీలకే మరుగుతాయి. భయం లేదు, మూడు నిమిషాలు తెర్లనిస్తే చాలు. అన్నం మాత్రం ఉడకక ఏడిపిస్తుంది.

చెలమనీళ్లు:
చివరగా గ్లాసు సంగతి. నీళ్లన్నీ సరిగ్గా శుద్ధి చేసి, వాగులో ముంచిన అదే చెంబు క్యాన్‌లో ముంచితే మళ్లీ మొదటికే. వాగు బకెట్‌కి ఎర్రతాడు కట్టండి, అది మంచినీళ్ల దగ్గరికి రాకూడదు. క్యాన్‌కి కుళాయి ఉన్నది కొనండి. కుళాయిలోనూ మూత మరల్లోనూ వాగు తడి మిగిలి ఉంటుంది. మాత్ర కరిగాక మూత కాస్త వదులు చేసి, క్యాన్ వంచి, కుళాయి విప్పి గ్లాసుడు నీళ్లు అటూ ఇటూ కారనివ్వండి, అరగంట ఆ తర్వాత లెక్కపెట్టండి.

పళ్లు తోముకోవడానికి, పచ్చి కూరలు కడగడానికీ ఆ క్యాన్ నీళ్లే. అక్కడ అందరూ తినే బొంగులో చికెన్ గురించి దిగులు పడక్కర్లేదు, అది బొంగుతో సహా కాలుతుంది. పక్కన పెట్టే ఉల్లిపాయ ముక్కలు ఏ నీళ్లలో కడిగారో చూసుకోండి. మలవిసర్జనకి వెళ్లేవాళ్లు వాగుకి 60 మీటర్లు, అంటే సుమారు ఎనభై అంగలు దూరంగా, జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చాలి. మీ కింద ఊళ్లోనూ ఎవరో ఒకరు చెలమ తవ్వుకుంటూ ఉంటారు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఓ పది పడేసుకోండి. పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లకి, గ్లాసుకి కాదు. చిక్కగా కలిపితే పిల్లలకి మేలు కాదు, కీడు. విరేచనాల్లో రక్తం కనిపించినా, పిల్లలు తాగింది తాగినట్టు కక్కేస్తున్నా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా టెంట్లు పీకేసి రంపచోడవరం ఆసుపత్రికి బయల్దేరండి.